దులపని దుప్పటి

పక్కింటి మేడం ఇక లేరని కరీంనగర్ దవాఖాన నుంచి ఫోన్ వచ్చేసరికి మా అమ్మ దండెం మీది బట్టలు తీస్తోంది. గోదావరిఖనిలో ఓపెన్‌కాస్టు బొగ్గు గని పక్క గల్లీల్లో అది రోజూ ఉండే పనే. బ్లాస్టింగ్ సైరన్ మోగితే చాలు, ఆడవాళ్ళంతా దండేల దగ్గరికి పరుగెత్తుతారు. కాస్త ఆలస్యమైతే ఉతికిన బట్టల నిండా బొగ్గు దుమ్మే. నేను సంగతి చెప్పగానే అమ్మ ఆ బట్టలు ఒళ్ళో పెట్టుకుని గడప మీద కూలబడింది.

మేడం జూనియర్ కాలేజీలో జువాలజీ చెప్పి రిటైరయ్యారు. మా గల్లీకి మాత్రం పురుగుల మేడం. ఆ పేరు ఆమెకూ తెలుసు, విని నవ్వుకునేవారు. వానాకాలం రాగానే, అందరూ బట్టలు లోపలికి తెచ్చుకునే వేళకు ఆమె తెల్ల దుప్పటి బయట కట్టి, ముందు బల్బు వేలాడదీసేవారు. మొదటిసారి చూసినప్పుడు సినిమా వేస్తారనుకుని మా అమ్మ పీట కూడా తెచ్చుకుంది. స్నేహం అక్కడే మొదలైంది.

వెలుతురుకు వచ్చే రెక్కల పురుగుల్లో మేడంకు గుడ్లగూబ పేరున్న కుటుంబమంటే ప్రాణం. ఔలెట్ మాత్‌లనేవారు. మట్టిరంగు ఒళ్ళు, దీపం పడితే మెరిసే కళ్ళు. పత్తికాయను తొలిచే పురుగు కూడా ఆ కుటుంబమేనని తెలిసి అమ్మకు కోపమొచ్చింది. పుట్టింటివాళ్ళ చేను ఓ ఏడు దానికే పోయింది మరి.

"గసొంటిదాన్ని దీపం పెట్టి పిలుస్తరా మేడం?"

"ఒక్కడు చెడ్డోడైతే ఇంటిపేరంతటిని తిడ్తమా అక్కా?" అన్నారు మేడం.

ఆమె ఏళ్ళుగా ఎదురుచూసింది ఒకదాని కోసమే. చదువుకునే రోజుల్లో కాసిపేట అడవిలో ఒక్కసారి కనిపించిందట. బూడిదరంగు రెక్క మీద బియ్యపు గింజంత తెల్లమచ్చ. చాలా అరుదైనదట. ఓ పొద్దున దుప్పటి అంచున అదే వాలి ఉంది. నన్ను గోడ దగ్గరికి పిలిచి చూపించి, ఫోటో కోసం ఫోన్ తేవడానికి గబగబా లోపలికి వెళ్ళారు. నేనూ మా ఇంట్లోకి ఫోన్ కోసమే పరుగెత్తాను. ఆలోపు గాలి లేచింది. మా అమ్మ అటు పోయి, దుప్పటి లాగి, రెండు దులుపులు దులిపి, మడతపెట్టి, బయటికొచ్చిన మేడం చేతుల్లో పెట్టింది.

"దుమ్ము పడ్తున్నది మేడం. మీరు చూస్కోరు."

మేడం ఆ మడత విప్పి అంచంతా వెతికారు. సంగతి అర్థమై అమ్మ ఏడుపు మొహం పెడితే, "పోనియ్యక్కా, దారి తెలిసింది గద, మళ్ళ వస్తది" అన్నారు. రాలేదు. ఆ తరువాత ప్రతి వానాకాలమూ ఆమె దుప్పటి కట్టారు, ప్రతి పొద్దునా అమ్మే ముందు లేచి వెతికింది.

చివరిసారి దవాఖానలో చూసినప్పుడు ఆమె అడిగింది ఒక్కటే. "వాన పడ్డదా?"

"ఇంక పడలే మేడం."

"అయితే టైమున్నది" అన్నారు.

ఆమె పోయిన వారానికి వాన పడింది. అమ్మ బీరువాలోంచి కొత్త తెల్ల దుప్పటి తీసి, మేడం వాకిట్లో కట్టి, నాతో బల్బు పెట్టించింది. తెల్లారి వెళ్ళి చూస్తే దుప్పటి నిండా దుమ్ము. పైమూలన ఆ దుమ్ములో కలిసిపోయి బూడిదరంగుదేదో ఉంది. అమ్మ చేయి అలవాటుగా అంచు పట్టుకుని, ఆగిపోయింది.

"బిడ్డా, గది దుమ్మా, పురుగా?"

"తెలుస్తలేదమ్మా."

చూడగానే చెప్పగలిగే మనిషి లేదు. ఆమె ఒక్కసారి గడప దాటి బయటికొస్తే బాగుండునని అటే చూశాను. తలుపుకు తాళం ఉంది. అమ్మ మెల్లగా అంచు వదిలేసింది.

మధ్యాహ్నం సైరన్ మోగింది. గల్లీలో దండేలన్నీ ఖాళీ అయ్యాయి. మేడం వాకిట్లో ఆ ఒక్క దుప్పటి మాత్రం దుమ్ములో నల్లబడుతూ అట్లాగే ఉంది. మా అమ్మ దానికి కాపలాగా పీట వేసుకుని కూర్చుంది.