‘వస్తాండారు’ అన్న మామ

పేపరు మామ బేస్తవారం పొద్దున పోయాడు. ఆ కబురు మా వీధికి తెలిసేసరికి మధ్యాహ్నమైంది. ఎమ్మిగనూరులో మా నేతగాళ్ల వీధి ఈ కొస నుంచి ఆ కొసకు ఒక బీడీ కాలేంత నడక. కానీ ఆ పొద్దు వీధిలో ఎవరూ లేరు. సినిమాలో వేషాలు వేసే ఒకామె మంత్రాలయం పోతూ మన బస్సు రోడ్డు మీదుగా వెళ్తుందని ఎవరో చెబితే అందరం అక్కడికి పరుగెత్తాం. నేనూ పోయాను. కారు వచ్చింది, దుమ్ము లేపింది, పోయింది. ఆమె చెయ్యి ఊపిందని సగం మంది ఇప్పటికీ ఒట్టు పెడతారు. తిరిగి వస్తుంటే మామ భార్య వాకిట్లో ఒక్కతే కూర్చుని ఉంది.

మామ నాకు చుట్టం కాదు, గోడ పక్క ఇల్లు. ఒకప్పుడు పెద్దంచు చీరలు నేసినవాడు. కుడి చెయ్యి పడిపోయాక మగ్గం అమ్మేశాడు. అప్పట్లో వీధిలో చదువు వచ్చినవాడు ఆయనొక్కడే కాబట్టి పేపరు చదివి వినిపించే పని పెట్టుకున్నాడు. బస్టాండు హోటల్లో అందరూ నలిపేసిన నిన్నటి పేపరు తెచ్చి, నడివీధిలో అరుగు మీద కూర్చునేవాడు. దాన్ని నాలుగు మడతలు వేసి మోకాలి కింద అదిమి, ఎడమ చేత్తో తిప్పేవాడు. వారానికి ఇంటికో దోసెడు జొన్నలు ఇచ్చేవాళ్లం. ఇస్తూ ఒక ఎత్తిపొడుపు కూడా వేసేవాళ్లం.

మగ్గాలు ఆడుతుంటే పక్కవాడి మాట కూడా వినపడదు. అందుకని వార్త నచ్చితే ఆపేవాళ్లం, నచ్చకపోతే ఆడించేవాళ్లం. కుస్తీలకు ఆగేవి. హత్యకేసులకు ఆగేవి. ఎక్కడో రెండు తలల దూడ పుట్టిందంటే ఊపిరి కూడా ఆపేవాళ్లం. సర్కారు అన్న మాట మామ నోట్లోంచి వచ్చిందా, ముప్పై మగ్గాలు ఒక్కసారిగా టకటకమనేవి. ఆయన ఆ మోత మీదుగానే గొంతు చించుకుని చివరిదాకా చదివి, “ఇన్నారా?” అని అడిగేవాడు.

ఆ ఏడాది ఆదోనిలో ఒక నూలు మిల్లు దివాలా తీసే దాకా వచ్చింది. సర్కారు దాన్ని నిలబెడతానంది. ఎలాగంటే, మాకు నూలు ఇచ్చే సర్కారు డిపోకు సరుకు తెప్పించడానికి పక్కన పెట్టిన సొమ్ము ఎత్తి ఆ మిల్లు సావుకారికి ఇస్తుందట. పేపరులో మూడో పేజీ మూలన ఉన్న ఆ నాలుగు ముక్కలు మామ కంటబడ్డాయి. ఇక ఆయనకు నిద్ర లేదు, మాకు వినోదం లేదు. కుస్తీ వార్త సగం చదివి, వస్తాదు ఎదుటివాడి నడుము పట్టుకున్నచోట ఆపి, మధ్యలో మిల్లు సంగతి దూర్చేవాడు. బెల్లంలో మాత్ర పెట్టినట్టు. మేం బెల్లం నాకి మాత్ర ఉమ్మేశాం.

“మామా, సావుకారి సంగతి మనకెందుకప్పా? వస్తాదు పడినాడా లేదా, అది సెప్పు,” అన్నాను ఒకరోజు.

“వస్తాదు పడితే మట్టి దులుపుకుంటాడు. డిపోలో నూలు లేకపోతే నువ్వేం దులుపుకుంటావురా?”

“మిల్లుకు దుడ్డు ఇస్తే నా కంచంలో సంకటి తగ్గుతాదా?”

“తగ్గుతాది. అందుకే సెప్తాండా. సావుకారు మునిగితే సర్కారు తాడేస్తాది. మనం మునిగితే, ఈత యాల నేర్సుకోలేదంటాది.”

వీధంతా నవ్వింది. ఆ మాటకు కాదు, ఆయన గొంతు కీచుమన్నందుకు.

అభ్యంతరం ఉన్నవాళ్లు ఫలానా రోజు ఆదోని బంగళాలో సర్కారు దొర ముందు చెప్పుకోవచ్చని కూడా అందులో ఉంది. మామ ఆ ముక్క రోజూ చదివాడు. చివరికి ఇరవైమూడు మందిమి వస్తామని ఒప్పుకున్నాం. మామ పొంగిపోయాడు. ఆ రోజే ఆదోనిలో పెద్ద కుస్తీ ఉందని, ఒకే బస్సు చార్జీకి రెండు పనులని మేం లెక్కేసుకున్న సంగతి ఆయనకు తెలియదు. అర్జీ పట్టుకుని ఆయన పక్కన నిలబడే పని నాది. ఆయన కుడి చెయ్యి లేవదు కదా.

ఆదోనిలో దిగగానే డోలు వినపడింది. “ఒక్క పట్టు సూసి వస్తాం మామా, నువ్వు పోతాండు,” అన్నాను. అర్జీ ఆయన ఎడమ చేతిలో పెట్టాను. ఆ పని చేసింది నేనే. ఇంకొకరి మీదికి తోసే వీలు లేదు.

పొద్దు వాలాక వెళ్తే, బస్టాండులో గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు.

“దొర ఏమన్నాడు మామా?”

“ఎంతమంది అని అడిగినాడు. ఇరవైమూడు మంది అంటి. యాడుండారు అనె. వస్తాండారు అంటి.” ఎడమ చేత్తో తువాలు దులిపి భుజాన వేసుకున్నాడు. “పాపం, సానా సేపు కాసుకున్యాడు.”

తిట్టలేదు. తిట్టి ఉంటే నేను ఈ నాలుగు మాటలు రాసేవాణ్ణి కాదేమో. బస్సు ఎక్కాక, “ఎవురు గెలిసినార్రా?” అని అడిగాడు. చెప్పాను.

రెండు రోజులకు పేపరులో కుస్తీ బొమ్మతో సహా వచ్చింది. మామ అంతా చదివాడు, మగ్గాలన్నీ ఆగాయి. తర్వాత, మిల్లుకు సొమ్ము మంజూరైంది, నేతపనివారి నుంచి చెప్పుకోదగ్గ అభ్యంతరం రాలేదు అని చదివాడు. మగ్గాలు ఆడాయి. నాదీ ఆడింది. “ఇన్నారా?” అని మాత్రం ఆయన ఆ రోజు అడగలేదు.

మిల్లు గేటుకు మామిడాకులు కట్టారు. నాలుగు నెలల తర్వాత అదే గేటుకు తాళం పడింది. సావుకారు క్షేమంగా ఉన్నాడని విన్నాను. మా డిపోలో నూలు అయిపోయింది. ఒక్కొక్కటిగా మగ్గాలన్నీ నిలిచిపోయాయి. సగం మంది నందవరం వైపు చేలల్లో కూలికి పోతున్నారు. మామ దగ్గుతో మంచం పట్టాడు. “నువ్వు సెప్పిందే అయింది మామా,” అని ఆయనతో అనడానికి, ఆయన మంచాన ఉన్న రెండు నెలలూ నాకు చాలలేదు. నాకు అక్షరాలు నేర్పింది ఆయనే. ఆ అరుగు మీద, ఆ పేపరు మీదే నేర్పాడు.

మా వీధిలో ఎవరైనా పోతే శవం లేచేదాకా మగ్గాలు ఆపడం ఆచారం. మామ కూతురు అత్తగారి ఊరు హాలహర్వి నుంచి సాయంత్రానికి వచ్చింది. ఏడాదిగా పుట్టింటికి రాలేదు. ఏడ్చి ఏడ్చి, నీళ్లు తాగుదామని మా ఇంటి వైపు వచ్చి, వీధి నడుమ నిలబడి చెవి ఒగ్గింది.

“ఒక్క మగ్గమూ ఆడల్యా గదన్నా. మా నాయన సదువుతాంటే ఎవురూ నిలపరని మాయమ్మ ఏడుస్తాండె. ఈ పొద్దన్నా నాయన కోసరం అందరూ నిలిపినారు.”

“అవునమ్మా,” అన్నాను.

ఆమె లోపలికి రాబోయింది. నేను గడపకు అడ్డంగా నిలబడి, చెంబు బయటికే అందించాను. లోపల నా మగ్గం గుంటలో కోడి గుడ్లు పొదుగుతోంది.