అవ్వ గొంతుకు కలిపిన తీగలు

సహోదరులారా, నాకు కూర్చోవడం చేతకాకుండా పోయిన కాలం గురించి చెప్పడానికి నిలబడ్డాను. నవ్వకండి. కంచం ముందు కూర్చుంటే రెండు ముద్దలకే లేచేవాణ్ని, మంచం మీద వాలితే వీపు కింద నిప్పులు పోసినట్టు లేచి వాకిట్లో తిరిగేవాణ్ని, ఆఫీసులో నా కుర్చీ ఖాళీగా ఉండేది, నేను కిటికీ దగ్గర నిలబడి ఫైళ్లు చూసేవాణ్ని, బస్సులో సీటు దొరికినా కడ్డీ పట్టుకునే వచ్చేవాణ్ని. గుండె దడ, గొంతులో ఏదో అడ్డం. కరీంనగర్‌లో డాక్టర్లకు చూపించుకున్నాను. గుండె బాగుంది, గొంతు బాగుంది, ఫికర్ చేయకండి అన్నారు. ఫికర్ చేయడం తప్ప నాకు వేరే పనే లేనట్టుండేది!

ఇది ఎట్లా మొదలైందో తెలియాలంటే మా ఇంటి సంగతి చెప్పాలి. ఆసిఫాబాద్ వైపు మా ఊరి సంఘంలో మొదటి పాట ఎత్తేది మా ఇంటివాళ్లే. మా తాత మిషన్ బడికి పెద్దసారు, గుడి కట్టేటప్పుడు ఎడ్లబండి కట్టుకొని ఊరూరా తిరిగి కలపా సున్నమూ తెచ్చినవాడు, ఆయన లేచి పాట ఎత్తితేనే ఆరాధన మొదలయ్యేది, అంతవరకు పాస్టరుగారు కూడా ఆగేవారు. తాత తర్వాత మా బాపు. భూమి పోయింది, బంగళా పోయింది, మేము కరీంనగర్‌లో రెండు గదుల అద్దె ఇంట్లోకి వచ్చి పడ్డాము, అయినా పండుగ వచ్చిందంటే బాపు ఇస్త్రీ చొక్కా వేసుకొని ఊరికి వెళ్లి పాట ఎత్తి వచ్చేవాడు. మాకు మిగిలింది అదొక్కటే. దాన్ని గొప్పగా చెప్పుకోవడానికి నేను సిగ్గుపడలేదు, ఇప్పుడూ పడను.

బాపు ప్రభువు సన్నిధికి వెళ్లాక వచ్చిన కోత పండుగలో సంఘమంతా నా వైపు చూసింది. లేచాను, నోరు తెరిచాను. సహోదరులారా, శబ్దం రాలేదు! గొంతులో ఎవరో గుడ్డ కుక్కినట్టు అయింది. వెనుక ఎవరో దగ్గారు, ఎవరో కిసుక్కుమన్నారు, చివరికి సంఘపెద్ద దావీదు మామ జాలిపడి తానే పాట ఎత్తాడు. నేను గుడి బయటికి వచ్చి రోడ్డు దాకా నడిచాను, ఆ నడక ఆగలేదు. వచ్చే పండుగకు కూడా గొంతు రాకపోతే మా ఇంటి పాట నాతోనే ఆగిపోతుంది, లేచినా పడుకున్నా ఇదే ఆలోచన.

నన్ను కన్న మా అవ్వ మాత్రం పొద్దున్నే వంటింటి గడప దగ్గర మోకాళ్లూని ప్రార్థించేది. నేను తిరుగుతూనే వినేవాణ్ని. "తండ్రీ, నా కొడుకు కూసుంటలేడు తండ్రీ. తింటే నిలుస్తలేదు, పంటే నిద్ర వస్తలేదు. వానికి ఏం గావాల్నో నాకు ఎరుకలేదు, నీకు ఎరుకే. జర నెమ్మదియ్యి తండ్రీ." నేనూ ప్రార్థించేవాణ్ని, దాచడమెందుకు, నా ప్రార్థనంతా ఒకటే మాట: ప్రభువా, నా గొంతు నాకు ఇయ్యి, పండుగలోపల ఇయ్యి!

మా సందు చివర ఒక ఇంటి గోడకు గిటారు, పాట నేర్పుతామని బోర్డు ఉండేది. ఒక సాయంత్రం నేను వాకిట్లో అటూ ఇటూ తిరుగుతుంటే మా ఇంటామె, నా భార్యే, విసుగొచ్చి, "గీ తిరుగుడేదో ఆ బోర్డు దిక్కు తిరుగుండ్రి, నాలుగు పాటలన్న వస్తయి," అన్నది. కోపం వచ్చింది. అయినా మరునాడు వెళ్లాను.

నేర్పేది గ్రేస్ టీచర్, వయసులో నాకంటే చాలా చిన్నది. ముందు గదిలో చాప పరిచి, పక్కన రెండు ప్లాస్టిక్ కుర్చీలు వేసి, పిల్లలకూ పెద్దలకూ విడివిడిగా పాఠం చెప్పేది.

"ఏం నేర్చుకుంటరన్నా? గిటారా, పాటా?"

"పాట. మాది పాట ఎత్తే ఇల్లు," అన్నాను.

"ఎత్తుడు తర్వాత. ముందుగాల గిటారు పట్టాలె. కూసోండ్రి."

"నేను నిలబడే నేర్చుకుంటాను."

"నిలవడి వాయించాల్నంటే గిటారుకు బెల్టు గావాలె. నా తాన ఉన్న బెల్టు తెగింది. కూసోండ్రి."

అట్లా కూర్చున్నాను సహోదరులారా! తొడ మీద గిటారు పెట్టాక లేవడానికి కుదరదు, లేస్తే అది జారి పడుతుంది. మోకాలు ఎగిరెగిరి పడుతుంటే గిటారు కూడా ఎగిరేది. "గిటారుకు చలిజ్వరం వచ్చినట్టున్నదన్నా," అని ఆమె నవ్వేది. వేళ్ల కొనలు కాయలు కాసినాయి. చేతులు ఏదో పట్టుకున్నాయి కాబట్టి ఆ కాసేపు నేను కుర్చీలో ఉండేవాణ్ని, బయటికి రాగానే మళ్లీ తిరుగుడే.

వేళ్లతో తీగలు నొక్కి పట్టే కార్డులు నాలుగు వచ్చాక, ఇక పాడతానని అడిగాను. ఆమె ఒప్పుకోలేదు. ఆమె దగ్గర ఒక పద్ధతి ఉండేది: కొత్తగా నేర్చుకునేవాళ్లు ముందు తమ ఇంటి మనిషినెవరినైనా తీసుకొచ్చి, వాళ్లు పాడుతుంటే వెంట వాయించాలి, అది కుదిరాకే సొంత పాట. నా ముందు బ్యాచివాళ్లు అక్కనూ, మరదలినీ, ఒకాయన తన నాలుగేళ్ల బిడ్డనూ తెచ్చి వాయించడం నేను చూశాను.

"మేము ముందు ఎత్తేవాళ్లం, ఒకరి వెంబడి వాయించేవాళ్లం కాము," అన్నాను.

"గట్లనా? మరి ఆ ముందు ఎత్తుడు యాడిదాకొచ్చింది?" అన్నది.

చెంప మీద కొట్టినట్టయింది. గిటారు పక్కన పెట్టి లేచి వచ్చేశాను. ఆ వారమంతా నేను పడ్డ పరేషాన్ పగవాడికి కూడా వద్దు. మంకమ్మతోట నుండి కలెక్టరాఫీసు దాకా, అక్కడి నుండి డ్యాము దాకా నడిచాను, చెప్పులు అరిగినాయి గానీ దడ తగ్గలేదు, పండుగ మాత్రం దగ్గరికి వస్తూ ఉంది. నీళ్ల దిక్కు చూస్తూ నిలబడి, "ప్రభువా, నేను అడిగింది ఒకటైతే నువ్వు చూపింది ఇంకొకటా?" అని పోట్లాడాను. జవాబు రాలేదు. నా కాళ్లే నన్ను ఆ బోర్డు దగ్గరికి మళ్లీ తీసుకొచ్చాయి. దేవుడు నా కాళ్ల తిరుగుడును కూడా వాడుకున్నాడు, ఆయనకే స్తోత్రం!

"వచ్చిండ్రా? మరి ఎవరిని తోలుకొస్తరు?" అని అడిగింది టీచర్, ఏమీ జరగనట్టు.

"మా ఇంట్లో పాడేటోళ్లు పోయిండ్రు."

"ఇంక ఎవ్వరు లేరా?"

"అవ్వ ఉన్నది. అవ్వ పాడదు."

"పాడదా, మీరు పాడనియ్యలేదా?"

ఎవరూ అవ్వను వద్దనలేదు. తాత నిలబడ్డాడు, బాపు నిలబడ్డాడు, అవ్వ వెనుక ఆడవాళ్ల వైపు కూర్చున్నది, అంతే. ఆమె పాడే గొంతు ఎట్లా ఉంటుందో నాకు తెలియదని అప్పుడే తెలిసింది.

ఇంటికొచ్చి అడిగితే అవ్వ పకపకా నవ్వింది. "నేనారా? నాది కాకి గొంతు. మీ బాపు పాడుతుంటే పెదాలు గూడ కదిలియ్యకపోయేది, ఆయన పాట ఎటన్న పోతదేమోనని." నవ్వుతూనే పెట్టె తీసి గుడికి కట్టుకునే చీర కట్టుకున్నది.

టీచర్ ఇంట్లో అవ్వ కుర్చీ వద్దని చాప మీద కూర్చొని, కళ్లు మూసుకొని పాట అందుకున్నది. నేను కార్డు పట్టుకున్నాను. కలవలేదు. శ్రుతి మార్చడానికి గిటారు మెడ మీద బిగించే క్లిప్పును ఒక మెట్టు పైకి జరిపాను, మరీ పైకి పోయింది. కిందికి జరిపాను, మరీ కిందికి పడింది. అవ్వ గొంతు సరిగ్గా రెండు మెట్ల నడుమ ఉంది, అక్కడ గిటారుకు మెట్టే లేదు! చెమట పట్టింది, మోకాలు ఎగరడం మొదలుపెట్టింది.

"అవ్వా, జర పైకి పాడు," అన్నాను.

"గంతే వస్తది బిడ్డా."

"జరంత!"

అప్పుడు టీచర్ అన్నది, "అన్నా, ఆమె గొంతుకు మరలు లేవు. మీ చేతుల ఉన్నదానికి ఉన్నయి. తిప్పుండ్రి."

తిప్పాను. అవ్వ మొదటి చరణమే మళ్లీ మళ్లీ పాడుతుంటే నేను గిటారు తల మీది మరలు తిప్పుతూ ఒక్కొక్క తీగనూ కొంచెం కొంచెం వదులు చేశాను, చెవి అవ్వ నోటి దగ్గర పెట్టి, దించి, మళ్లీ దించి. ఆరో తీగ కలిసేసరికి ఆ గదిలో ఏదో దిగినట్టు అయింది. సహోదరులారా, అవ్వ గొంతు కాకి గొంతు కాదు! లోపల మట్టికుండలో నీళ్లు కదిలినట్టు ఉంది. ఆమె పాడుతూ ఉంది, నేను వెంట వాయిస్తూ ఉన్నాను, మూడో చరణంలో టీచర్ నా వైపు చూసి నవ్వుతుంటే ఎందుకా అనుకున్నాను. నేను పాడుతున్నాను! ఎప్పుడు మొదలుపెట్టానో నాకే తెలియదు, అవ్వ గొంతు కింద చిన్నగా, అడ్డం లేకుండా. మోకాలు కదలడం లేదు. పాట అయ్యాక కూడా నేను లేవలేదు. టీచరే, "లేవండ్రి అన్నా, తర్వాతి బ్యాచి వచ్చింది," అన్నది. ఆ పూట అన్నం కూర్చొని తిన్నాను, తిన్న చోటే ఒరిగి నిద్రపోయాను. అవ్వ నన్ను లేపనియ్యలేదట.

మరి పండుగ వచ్చింది. మంచిర్యాల మీదుగా బస్సులో అవ్వా, మా ఇంటామే, ఒడిలో గిటారుతో నేనూ మా ఊరికి వెళ్లాము. గుడి నిండిపోయింది. నా దడ పూర్తిగా పోయిందని అబద్ధం చెప్పను, ముందు బల్ల మీద కూర్చోగానే కాళ్లు తలుపు వైపు లాగాయి.

దావీదు మామ మెల్లగా వచ్చి, "లే బిడ్డా. మొదటి పాట మీ ఇంటిదే," అన్నాడు.

లేచాను. "మా అవ్వ ఎత్తుతది," అన్నాను.

గుడి అంతా గుసగుస. మామ నా దగ్గరికి వంగి, "ఆడమనిషా?" అన్నాడు.

"మా ఇంటి మనిషి," అన్నాను.

మామ అవ్వ వైపు చూశాడు, పాస్టరుగారి వైపు చూశాడు. పాస్టరుగారు తల ఊపారు. అవ్వ ఆడవాళ్ల వైపు తన చోటనే లేచి నిలబడి, కొంగు సర్దుకొని, కళ్లు మూసుకొని ఎత్తింది. ఒక పాదం అయ్యేవరకు ఆ గుడిలో అవ్వ గొంతూ నా తీగలూ తప్ప ఇంకేమీ లేవు. రెండో పాదానికి ఆడవాళ్లు అందుకున్నారు, తర్వాత మామ, తర్వాత సంఘమంతా, అందరి నడుమ నేను! మా ఇంటి పాట ఆగలేదు. నన్ను దాటి, నేను ఎన్నడూ చూడని వైపు నుండి దేవుడు దాన్ని లేపాడు. దేవునికే మహిమ!

నేను మారిన మనిషినని చెప్పుకోను, ఇప్పటికీ కొన్ని రోజులు కాళ్లు ఆగవు, అప్పుడు అవ్వను పాడమంటాను. ప్రియులారా, మీలో నిద్ర లేనివాళ్లు, గొంతు మూసుకుపోయినవాళ్లు ఉంటే ఆ దేవుని నమ్ముకోండి, ఆయన మీరు అడిగిన తలుపు తీయకపోతే మీ ఇంట్లోనే ఇంకొక తలుపు తీసి ఉంచుతాడు. ఈ రోజు మీ ఇంటికి వెళ్లాక, ఎన్నడూ పాడని మనిషిని ఒక పాట పాడమని అడగండి, అడిగి పక్కన కూర్చోండి.