పెరట్లో ఇంజిన్

చర్లలో మెకానిక్ సిరాజుద్దీన్ రోజూ షెడ్డు మూసి ఇంటికి రాగానే పెరట్లోని పాత కారు బానెట్ ఎత్తుతాడు. వేగం పెంచే సూపర్‌చార్జర్ గాలిని లోపలికి బలంగా నెట్టినా ఇంజిన్ తట్టుకోవాలని నాలుగేళ్లుగా దాన్ని గట్టిపరుస్తున్నాడు. పిస్టన్లు మార్చాడు, మందపాటి గాస్కెట్ వేశాడు. అన్నం కలిపే వేళ్లకూ గ్రీజు వాసన వదలదు. రెండేళ్ల కింద, ఇల్లు పంచుకున్నాక అతని అన్న మధ్యలో గోడ కట్టించాడు. అప్పటినుంచి కారు బయటికి వెళ్లే దారి లేదు.

శుక్రవారం నమాజు నుంచి వచ్చాక ఇంజిన్ మొదటిసారి స్టార్టయింది. గోడమీది కోళ్లు బెదిరి ఎగిరిపోయాయి. భార్య ఖుద్సియా చేతికంటిన పిండి దులుపుకుంటూ వచ్చింది.

"మీరు ఒక్కమాట అడిగితే గోడ తీయిస్తనంటున్నరు మీ అన్న. అడుగుతరా?"

అతను స్టీరింగ్ పట్టుకుని గోడనే చూస్తూ కూర్చున్నాడు. తర్వాత తాళంచెవి తిప్పి ఇంజిన్ ఆపేశాడు.

"ఇంకా పని ఉంది," అన్నాడు. ఇంజిన్ చల్లారకముందే బోల్టులు విప్పసాగాడు.