పెయింటు బకెట్లో ఒక్కనాటి పువ్వు

ఈ పొద్దున మెట్ల మీద కూర్చుని చెప్పులు వేసుకుంటుంటే లేత వాసన ఒకటి తగిలింది. తిరిగి చూస్తే, గోడ పక్కన పాత పెయింటు బకెట్లో పువ్వు విచ్చుకుని ఉంది. బయటి రేకులు మూడు తెలుపు, లోపలివి మూడు నీలం, కొసలు వెనక్కి చుట్టుకుని ఉంటాయి. సాయంత్రానికి ముడుచుకుంటే మళ్లీ తెరుచుకోదు. వనపర్తి నర్సరీలో దీన్ని ఐరిస్‌లో ఒక రకమన్నారు. నాకు మాత్రం ఇది సుగుణక్క పువ్వు.

నా పెళ్లయిన కొత్తలో, గద్వాలలో, మా గదీ ఆమె గదీ ఒకే వాకిట్లో ఉండేవి. ఆమె భర్త తిమ్మప్పన్న, మా ఆయన ఒకే మేస్త్రీ కింద పుణెలో రంగులు వేసేవాళ్లు. మా పాలమూరు వాళ్లు అక్కడి నుంచి ఇంకేం తెచ్చినా తేకపోయినా ఖాళీ పెయింటు బకెట్లు తెస్తారు. అందరూ వాటిలో నీళ్లు పట్టుకుంటే సుగుణక్క మొక్కలు పెట్టేది. ఒకసారి తిమ్మప్పన్న, ఏదో బంగళా తోటలో పీకి పారేసిన దుబ్బును బకెట్లో పెట్టుకుని వచ్చాడు. పొడుగాటి ఆకులు తప్ప దానికేమీ లేవు. గడ్డిని బస్సెక్కించి తెచ్చాడా అని నేను నవ్వాను. ఆమె కాల్చిన చువ్వతో బకెట్ అడుగున చిల్లులు పెట్టి, ఏటి ఒడ్డున ఉన్న బీచుపల్లి గుడికి వెళ్లినప్పుడు తెచ్చుకున్న ఇసుకను ఎర్రమట్టిలో కలిపి, దుబ్బును నాటి గోడ నీడకు జరిపింది. "మా ఆయన తెచ్చిండు. గడ్డైనా పెంచుత" అంది.

ఆ గడ్డే పూసింది. పువ్వు వాడిన చోటే చిన్న పిలక పుట్టి, ఆ బరువుకు కాడ నేలకు వంగింది. నేను కత్తెర తేబోతే వద్దని, పిలక కింద ఇంకో బకెట్ పెట్టింది. "ఏర్లు పట్టినంక కోద్దాం. తల్లిని ఇడువనీకి దానికి జర టైం గావాలె." అలా ఒక్కో బకెట్ చొప్పున ఆ మొక్క వాకిలంతా నడిచింది. పూసిన రోజు ఆమె దాని ముందు రెండు కుర్చీలు వేసేది. రెండోది తిమ్మప్పన్నది. మొక్క తెచ్చిన మనిషి దాని పువ్వును ఒక్కసారైనా చూడలేదు. ఆయన వచ్చినప్పుడు పూయదు, పూసినప్పుడు ఆయన ఉండడు. ఖాళీ కుర్చీలో నేను కూర్చుంటే, "అది నీది గాదు పిల్లా. అయినా కూసో" అనేది.

ఒకసారి చుట్టాలింట్లో దినాలకని తిమ్మప్పన్న వచ్చాడు. ఇల్లు చేరేసరికి పొద్దు వాలింది, పువ్వు ముడుచుకుంది. ఆ పక్కనే ఇంకో మొగ్గ నిండుగా ఉంది. ఎన్నడూ ఏదీ అడగని మనిషి ఆ రోజు నా ఎదుటే అడిగింది.

"రేపు పొద్దుగాల ఇంకోటి పూస్తది. జూసి పోరాదు?"

తెల్లారకముందే మేస్త్రీ బండి పోతుందని, ఫోన్‌లో ఫోటో పంపమని అన్నాడాయన. చెడ్డవాడు కాదు, పని పోతుందన్న భయం. సుగుణక్క చీకటితోనే లేచి ఆయనకు రొట్టెలు కట్టిచ్చి పంపింది.

తెల్లారి పువ్వు విచ్చుకుంది. ఆమె రెండు కుర్చీలూ వేసింది గానీ ఫోటో తీయలేదు. ఆ మొహం చూడలేక నేను బకెట్లు సర్దుతున్నట్టు నటించాను.

"అడగందే అమ్మైనా పెట్టదంటరు" అంది. "నేను అడుగుడే ఆలస్యం చేసిన. అప్పటికి ఆయనకు పోవుడు అలవాటైంది. నువ్వు గిట్ల చెయ్యకు పిల్లా."

ఆ రోజే మా ఆయనకు ఫోన్ చేసి వచ్చెయ్యమన్నాను. ఏం తిని బతుకుతామని కోప్పడ్డాడు. నేనూ గట్టిగానే అడిగాను. ఆ పని ముగించుకుని వచ్చాక ఆయన అన్న మాట నేను మర్చిపోలేదు. "ఇన్నొద్దులు ఒక్కనాడన్న చెప్తివా?"

మేం నాగర్‌కర్నూల్ వచ్చాం, ఆయన ఆటో నడుపుతున్నాడు. మాకంటే ముందే సుగుణక్క పుణె వెళ్లిపోయింది. ఎదురుచూసే ఓపిక అయిపోయిందని, ఆయన ఎక్కడుంటే అక్కడే ఉంటానని, ఒక బకెట్ ఒళ్లో పెట్టుకుని బస్సెక్కింది. మిగతావి నాకిచ్చింది. కొన్నాళ్లు ఫోన్లు చేసింది. మొగ్గ పట్టేలోపే పని అయిపోయి ఇంకో చోటికి మారాల్సి వస్తోందట. "ఈడ పూస్తలేదు పిల్లా. ఆడ పూస్తే చెప్పు, వస్త" అంది చివరిసారి. తర్వాత ఆ నంబరు పలకడం మానేసింది. మేస్త్రీని అడిగితే వాళ్లు ఎప్పుడో వేరే మేస్త్రీ దగ్గరికి పోయారన్నాడు.

ఇవాళ కూడా రెండు కుర్చీలు వేశాను. మా ఆయన కూర్చుని, చాయ్ తాగి, పువ్వును తీరిగ్గా చూసి బేరానికి వెళ్లాడు. ఆయన అలా కూర్చోవడం సుగుణక్క నాకిచ్చిందే. ఆమెకు మాత్రం అది దొరికిందో లేదో నాకు తెలియదు. పూసిందని చెప్పాలని ఉంది, చెప్పడానికి దారి లేదు. ఆమెను చూడాలని ప్రాణం కొట్టుకుంటోంది. ఆయన లేచిన కుర్చీని లోపల పెట్టలేదు. పువ్వు ముడుచుకునేదాకా వీధి తలుపు వేయను.