తోకకప్పల తొట్టిలో అంచుదాకా నీళ్ళు

నలభై ఏళ్ళుగా డైరీ రాస్తున్నాను. ఒక్క మనిషి మీద కోపంతో పేజీ మొత్తం నింపిన రోజులు వాటిలో ఎక్కువ ఉండవు. మా బావమరిది మీద నింపాను. ఆ కోపం ఇప్పటికీ తగ్గలేదు.

వానలకు ఏలూరులో మా పక్క ఖాళీ స్థలంలో నీళ్ళు నిలిచాయి. ఆ గుంటలో గోండ్రుకప్ప గుడ్లు పెట్టింది, దారానికి నల్లపూసలు గుచ్చినట్టు. రెండు రోజులు ఎండ కాస్తే గుంట ఎండిపోతుంది. అందుకని మగ్గుతో కొన్ని తెచ్చి, ఖాళీగా పడివున్న అక్వేరియంలో వేశాను. గుడ్లు పగిలి తోకకప్పలు వచ్చాక ఉడికించిన పాలకూర పెట్టాను. రోజు విడిచి రోజు నీళ్ళు మార్చాను. వెనక కాళ్ళు ఎప్పుడొచ్చాయో, ముందు కాళ్ళు ఎప్పుడొచ్చాయో రాసుకున్నాను. ముప్పై ఒకటి అంతదాకా వచ్చాయి.

ముందు కాళ్ళు వచ్చాక తోకకప్ప చేపలా బతకదు. గాలి పీల్చాలి, గట్టెక్కాలి. ఎక్కే చోటు లేకపోతే నీళ్ళలోనే మునిగి చస్తుంది. అందుకే నీళ్ళు రెండంగుళాలకు తగ్గించి, ఏటవాలుగా ఒక రాయి పెట్టాను.

సరిగ్గా అప్పుడే తాడేపల్లిగూడెంలో బంధువుల గృహప్రవేశం. నేనూ మా ఆవిడా ఒక రాత్రి అక్కడ ఉండక తప్పలేదు. మా ఆవిడ తమ్ముడికి మండవల్లిలో చేపల చెరువులున్నాయి. ఏలూరులో ఏదో పనుండి ఆ రోజే మా ఇంట్లో దిగాడు. తొట్టికి కాగితం అంటించి మరీ వెళ్ళాను: నీళ్ళు పోయవద్దు, రాయి కదపవద్దు.

మర్నాడు వచ్చేసరికి తొట్టి నిండా నీళ్ళు. రాయి ఎక్కడో అడుగున ఉంది. గాలి పంపు బుడబుడమంటోంది. రాయి చుట్టూ నా తోకకప్పలు వెల్లకిలా పడివున్నాయి.

"ఏమయ్యా, కాగితం చూళ్ళేదా?"

"చూశానండీ బావగారూ. తెల్లారి లేచేసరికి అన్నీ పైకొచ్చి నోళ్ళు తెరుస్తున్నాయి. ఆక్సిజన్ తగ్గిపోయిందండీ. ఇరవయ్యేళ్ళుగా చెరువు గట్టు మీద చూస్తున్నదే కదా! కొత్తనీళ్ళు పెట్టి, గాలి ఆడించాను."

"అవి చేపలా? కాళ్ళు కనబడలేదా?"

"కనబడ్డాయండీ. అయినా ప్రాణం కొట్టుకుంటుంటే మీ కాగితం చదువుకుంటూ కూర్చోమంటారా?"

"ఒక్క ఫోన్ చేయడానికేం?"

"శుభమా అని గృహప్రవేశంలో ఉంటే, కప్పల గురించి ఫోనేంటండీ!"

నన్ను మండించింది ఆ మాటే. తన చెరువులో నీళ్ళకు గాలి పట్టించే ఏరియేటర్ ఒక్కటి ఆగితే ఊరందరినీ లేపుతాడు. నెల రోజులు నేను సాకిన ప్రాణులు మాత్రం ఒక ఫోనుకు కూడా తగవు. నీళ్ళలో ఉన్నదంతా తనకు తెలుసు, చెప్పింది వినక్కర్లేదు. ఇదెక్కడి అనుభవం?

"చంపేశావయ్యా" అన్నాను. కాఫీ కూడా తాగకుండా వెళ్ళిపోయాడు. మా ఆవిడ తమ్ముడి వెనకే గేటుదాకా వెళ్ళింది.

పంపు గొట్టాన్ని కరుచుకుని తొమ్మిది బతికాయి. గ్లాసుతో నీళ్ళు తోడి, వాటిని రాయి మీదికి చేర్చాను. వారానికి తోకలు కరిగాయి. పెరటి కుళాయి దగ్గర తడి ఇటుకల మధ్య వదిలాను. ఆ సాయంత్రమే అతను ఫోన్ చేశాడు.

"ఎన్ని దక్కాయండీ?"

"ముప్పై ఒకటికి తొమ్మిది."

"తొమ్మిది దక్కాయా! మరి బాధ దేనికండీ? మా చెరువులో వేసిన చేపపిల్ల అంత కూడా దక్కదు బావగారూ."

ఫోన్ మా ఆవిడ చేతిలో పెట్టి, మీ తమ్ముడితో నువ్వే మాట్లాడుకో అన్నాను.