అన్నయ్య బంతి వదిలేసిన ఏడాది

ఆట ఉన్న రోజున మా ఇంట్లో అన్నం మాడిపోయేది. అమ్మ వంట చేతకాని మనిషేం కాదు. అన్నయ్య మైదానంలోకి దిగే రోజు మాత్రం గిన్నె పొయ్యి మీద పెట్టి, దాని సంగతే మర్చిపోయి, గుమ్మం వైపు చూస్తూ కూర్చునేది. నాన్న పొద్దున్నే గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, వీధిలోకీ ఇంట్లోకీ తిరుగుతూ ఉండేవారు. ఆట సాయంత్రం. అప్పటిదాకా ఇంట్లో ఎవరూ గట్టిగా మాట్లాడకూడదు. నా చేతిలోంచి గ్లాసు జారిపడితే ఇద్దరూ ఒక్కసారే ఉలిక్కిపడేవారు.

మాది విజయనగరం వైపు. నాన్న గూడ్సు బళ్ళ మీద గార్డు. ఆ ఉద్యోగంతోనే రాయపూర్ వచ్చి, గుఢియారీ వైపు పట్టాల పక్కనున్న రైల్వే క్వార్టర్లలో ఉండేవాళ్ళం. మా వరసలో సగం ఇళ్ళు తెలుగువాళ్ళవే. గుమ్మం దాటితే హిందీ, బజారులో ఛత్తీస్‌గఢీ, ఇంట్లో అన్నీ కలిసిన తెలుగు. దేశానికి స్వాతంత్ర్యం వచ్చిన కొత్త రోజులవి. నాకు పదేళ్ళు, అన్నయ్యకి పదమూడు.

ఆ వానాకాలంలో ఒక రోజు రైల్వే ఉద్యోగుల క్లబ్బైన ఇన్‌స్టిట్యూట్ ఫుట్‌బాల్ జట్టులో ఒకతను జ్వరం వచ్చి ఆటకు రాలేదు. అన్నయ్య గట్టు మీద నిలబడి చూస్తున్నాడు. పదమూడేళ్ళకే నాన్నంత ఎత్తు ఎదిగాడు, పైపెదవి మీద నూగు కూడా వచ్చింది. కనీసం జాగా నింపుతాడని ఎవరో లోపలికి పిలిచారు. బురదలో, ఒట్టి కాళ్ళతో, అంతమంది పెద్దవాళ్ళ మధ్య నుంచి అన్నయ్య బంతిని తీసుకుపోయిన తీరు నేను ఇన్‌స్టిట్యూట్ వరండాలోంచి చూశాను. బంతి ఎటు వస్తుందో ముందే తెలిసినట్టు అక్కడికి వెళ్ళి నిలబడేవాడు. అందరూ జారిపడుతున్న చోట నవ్వుతూ పరిగెత్తాడు. ఆ రోజు గెలిపించింది వాడే. ఇంటికి వచ్చి అమ్మ చేత కాళ్ళు కడిగించుకుంటూ కూడా నవ్వుతూనే ఉన్నాడు.

తర్వాత రెండేళ్ళూ ఊరంతా అన్నయ్యదే. మాకు పాలుపోసే రౌత్ మా అమ్మని ఎవరికైనా చూపించాల్సి వస్తే "ఆ తెలంగీ టూరా అమ్మ" అనేవాడు. తెలంగీ అంటే తెలుగు, టూరా అంటే వాళ్ళ మాటలో కుర్రాడు. బజారులో కూరలు కొనబోతే ఒక గుప్పెడు ఎక్కువ వేసేవారు. జట్టు వ్యవహారాలు చూసే బెంగాలీ బాబు ఒకాయన ఒక సాయంత్రం మా ఇంటికే వచ్చి, టీ తాగి, ఈ కుర్రాణ్ణి జాగ్రత్తగా చూసుకోండి, పద్దెనిమిదేళ్ళు రానివ్వండి, కలకత్తాలో ఆడతాడు, రైల్వేవాళ్ళే పిలిచి బల్ల ముందు కూర్చునే ఉద్యోగం ఇస్తారు అని నాన్నకి చెప్పి వెళ్ళాడు.

మా ఇంట్లోకి భయం వచ్చింది ఆ టీ తోనే అనిపిస్తుంది నాకు.

జాగ్రత్తగా చూసుకోమన్న మాటని నాన్న అక్షరాలా పట్టుకున్నారు. అన్నయ్య సైకిలెక్కకూడదు, పడతాడు. చెట్టెక్కకూడదు. బిందె ఎత్తకూడదు, నడుం పట్టేస్తుంది. మా ఇంట్లో గుడ్డు అమ్మకి గిట్టదు, అయినా పెరట్లో వేరే పొయ్యి పెట్టి నాన్నే ఉడికించి తినిపించేవారు. డ్యూటీ దిగి వచ్చి టోపీ కూడా తియ్యకుండా ముందు అన్నయ్య కాళ్ళు చూసేవారు. మోకాలి దగ్గర, చీలమండ దగ్గర వేలితో నొక్కి నొప్పుందా అని అడిగేవారు. అన్నయ్య లేదని చెప్పేవాడు. ఇంకోచోట నొక్కేవారు. మెట్రిక్ పరీక్ష తప్పినా ఒక్క మాట అనలేదు. అది చూసి అమ్మ మరీ భయపడింది. చదువు పోతే పోయింది, ఈ కాళ్ళకేమన్నా అయితే వీడి బతుకేమిటని నాతో చాటుగా అనేది. ఆట ముందు ఒకసారి, తర్వాత ఒకసారి ఉప్పుతో దిష్టి తీసేది.

అన్నయ్య నవ్వడం ఎప్పుడు మానేశాడో నాకు సరిగ్గా గుర్తు లేదు. ఆట ఉన్న రోజు పొద్దున్న పెరటి గోడ పక్కన వాంతి చేసుకోవడం మాత్రం గుర్తుంది. అది మా అందరికీ తెలుసు. నీళ్ళ చెంబు తీసుకెళ్ళి ఇచ్చేదాన్ని నేనే. నాన్న అటువైపు తిరిగి నిలబడి, వేడి చేసుంటుంది, మజ్జిగ ఇవ్వండి అనేవారు.

పదహారో ఏడు వచ్చేసరికి అన్నయ్య ఎదగడం ఆగిపోయింది. ఇన్‌స్టిట్యూట్ వరండాలోంచి నాకది ముందు కనిపించింది. పదమూడేళ్ళప్పుడు వాడి భుజం దాకా వచ్చిన కుర్రాళ్ళు ఇప్పుడు వాడి పక్కన నిలబడితే సమానంగా ఉన్నారు, కొందరు దాటిపోయారు. మునుపు వాడు ఒక్కసారి భుజం వంచితే వెనకబడిపోయేవాళ్ళు, ఇప్పుడు వాడితోపాటే పరిగెడుతున్నారు. బిలాస్‌పూర్ జట్టుతో ఆడిన రోజు ఒక సన్నటి కుర్రాడు ఆటంతా అన్నయ్యని విడిచిపెట్టలేదు. అన్నయ్య తప్పేమీ చెయ్యలేదు. చక్కగానే ఆడాడు. ఆ కుర్రాడూ చక్కగానే ఆడాడు. నేను చప్పట్లు ఆపేశాను. నా పక్కనున్న ఆడవాళ్ళు మునుపటిలాగే చప్పట్లు కొడుతున్నారు. నాన్న వైపు చూశాను. ఆయన కళ్ళు ఆర్పకుండా బంతినే చూస్తున్నారు. ఇంటికి వచ్చే దారిలో మైదానం ఎత్తుపల్లాలుగా ఉందని, రెఫరీ సరైనవాడు కాదని, బూట్ల అలవాటు లేకపోవడం వల్లనే అని చెబుతూ వచ్చారు. నిజంగానే అప్పుడు బూట్లతో ఆడడం మొదలవుతోంది. మర్నాడే బజారుకెళ్ళి బూట్లు తెచ్చారు. అవి అన్నయ్య మడమలు కొరికేసేవి. అమ్మ రాత్రిళ్ళు ఆముదం రాసేది.

మరుసటి ఏడాది చలికాలంలో బెంగాలీ బాబు కబురు తెచ్చాడు. కలకత్తాలో కొత్త కుర్రాళ్ళని చూసి ఎంచుకుంటున్నారు, నేను తీసుకెళ్తాను, పంపండి అన్నాడు. నాన్న వెంట వెళ్ళాలనుకున్నారు గానీ సెలవు దొరకలేదు. అమ్మ అటుకులు వేయించి మూట కట్టింది. బండి కదిలేటప్పుడు అన్నయ్య కిటికీలోంచి మమ్మల్ని చూడలేదు, చేతులు తొడల కింద పెట్టుకుని తిన్నగా ముందుకే చూస్తూ కూర్చున్నాడు.

వాడు తిరిగొచ్చేదాకా మా చెవులన్నీ బళ్ళ మీదే. పట్టాల పక్క ఇల్లు, రోజంతా ఏదో ఒక బండి వెళ్తూనే ఉంటుంది. హౌరా వైపు నుంచి ఏ బండి కూత వినిపించినా అమ్మ పని ఆపేసేది. బాగా ఆడి ఉంటే అక్కడే ఉంచేసుకుంటారు కదా, మరి బట్టలు రెండు జతలే పెట్టాను అని ఒకసారి అంది.

వచ్చే రోజు పొద్దున్న నాన్నా నేనూ స్టేషనుకి వెళ్ళాం. బెంగాలీ బాబు ముందు దిగి, నాన్నకి నమస్కారం పెట్టి, ఇంటికి తొందరగా వెళ్ళాలని చెప్పి జనంలో కలిసిపోయాడు. అన్నయ్య ఆఖరున దిగాడు. బూట్లు లేసులతో ముడేసి భుజాన వేసుకున్నాడు.

"ఏటయింది రా? ఒంట్లో బాగోలేదా?" నాన్న అడిగారు.

"బాగానే ఉంది నాన్నా."

"బూట్లు ఇబ్బంది పెట్టాయా? గ్రౌండు కొత్త కదా. ఆడనివ్వలేదా సరిగ్గా?"

"ఆడనిచ్చారు. ఎంత కావాలంటే అంత ఆడనిచ్చారు." భుజం మీది బూట్లు సర్దుకుని అన్నాడు, "నేను బాగా ఆడాను నాన్నా. ఎప్పుడూ అంత బాగా ఆడలేదు. అక్కడ అందరూ నాకన్నా బాగా ఆడతారు."

జ్వరమొచ్చిందనో, కాలు బెణికిందనో చెప్పి ఉంటే నాన్న ప్రాణం కుదుటపడేది. పట్టుకోవడానికి ఏమీ మిగల్చకుండా చెప్పేశాడు అన్నయ్య. ముగ్గురం పట్టాలు దాటి ఇంటికి నడిచాం. అమ్మ గుమ్మంలోనే మా ముఖాలు చూసి, నీళ్ళు కాచడానికి లోపలికి వెళ్ళింది.

అక్కడితో అయిపోతే ఎంత బాగుండేది. నాన్న రెండు రోజులు ఊరుకున్నారు. మూడో నాడు తెల్లవారగట్ల అన్నయ్యని లేపి మైదానానికి తీసుకెళ్ళారు. ఏడాది తిరిగితే మళ్ళీ పిలుస్తారు, అప్పటికి ఊపిరి పెంచాలి, కాళ్ళలో బలం పెంచాలి అన్నారు. డ్యూటీలో లేని ప్రతి పొద్దున్నా అదే. డ్యూటీలో ఉంటే నన్ను చూడమనేవారు, వాడు పరిగెత్తాడా లేదా అని. అన్నయ్య ఎదురు చెప్పలేదు. చెప్పినట్టు పరిగెత్తేవాడు. తిండి తగ్గింది. ఎవరైనా వెనక నుంచి పిలిస్తే అదిరిపడేవాడు. వీధిలోవాళ్ళు ఇంకా పాత మాటలే అంటూ ఉండేవారు, కలకత్తా ఎప్పుడు అని. వాడు తల వంచుకుని దాటిపోయేవాడు.

ఆ వేసవి ముందు ఒక ఆదివారం నాగపూర్ నుంచి జట్టు వచ్చింది. పెద్ద ఆట. పొద్దున్న లేచి చూస్తే అన్నయ్య పక్క ఖాళీగా ఉంది. పెరట్లో లేడు. మైదానంలో లేడు. బూట్లు మంచం కిందే ఉన్నాయి.

ఎండ ఎక్కినా రాలేదు. నాన్న స్టేషను వైపు వెళ్ళారు. నన్ను గుఢియారీ బజారు చూసి రమ్మన్నారు. నేను టీ కొట్ల ముందు, సైకిలు షాపు ముందు, పప్పుమిల్లు దగ్గర అడుగుతూ తిరిగాను. ఎవరూ చూడలేదన్నారు. ఇంటికి వచ్చేసరికి అమ్మ వీధిలో నిలబడి పట్టాల వైపు చూస్తోంది. ఒక గూడ్సు వెళ్తోంది. ఆఖరి పెట్టె దాటేదాకా కదల్లేదు, దాటాక ఖాళీ పట్టాలని అటు చివర నుంచి ఇటు చివరదాకా చూసింది. ఆమె ఏం వెతుకుతోందో నాకు అర్థమైంది. అమ్మ చెయ్యి పట్టుకున్నాను. అంత ఎండలోనూ చల్లగా ఉంది.

నాన్న ఒక్కరే తిరిగొచ్చారు. చొక్కా తడిసిపోయి ఉంది. గుమ్మంలో కూలబడి, "ఎక్కడికెల్లిపోనాడు వీడు," అని నేలతో చెప్పినట్టు అన్నారు. అమ్మ ఆయన్ని చూసి, నేను ఏనాడూ వినని గొంతుతో అంది:

"మీ ఆటకో దండం. నా కొడుకు నాకు కావాల."

మధ్యాహ్నం దాటాక అన్నయ్య వచ్చాడు. ముందు ఎవరో అనుకున్నాం. ముఖం, చేతులు, చొక్కా అన్నీ మసి. కళ్ళు మాత్రం తెల్లగా ఉన్నాయి. అమ్మ వాడి మీద పడిపోయింది, మసి అంతా చీరకంటుకుంది.

"లోకో షెడ్డులో చేరాను నాన్నా. క్లీనరు పని," అన్నాడు. "నెల బట్టి అడుగుతున్నాను. ఈ రోజు రమ్మన్నారు."

క్లీనరంటే ఇంజన్లు తుడిచే పని. బల్ల ముందు కూర్చునే ఉద్యోగం కోసం ఇన్నేళ్ళు ఎదురుచూసిన నాన్న వాణ్ణి కింద నుంచి పైదాకా చూశారు.

"ఈ రోజేనా రా? ఆట ఉన్నాది కదా."

"అందుకే ఈ రోజు ఎల్లాను," అన్నాడు అన్నయ్య. "ఇంక ఆడలేను నాన్నా. కాళ్ళు బాగానే ఉన్నాయి. నాకే భయంగా ఉంది. రోజూ భయంగానే ఉంది."

నాన్న లేచి ముఖం కడుక్కుని, వేరే చొక్కా వేసుకున్నారు. ఆట మొదలయ్యే వేళకి ఒక్కరే మైదానానికి వెళ్ళారు, మా అబ్బాయి రాడు, ఇంక ఎప్పుడూ రాడని జట్టువాళ్ళతో చెప్పడానికి. ఆయన చెప్పారని, ఆట చూడకుండా వెనక్కి తిరిగారని తర్వాత పక్కింటివాళ్ళ వల్ల తెలిసింది. ఇంటికి మాత్రం దీపాలు పెట్టే వేళకి వచ్చారు. మధ్యలో ఎక్కడున్నారో చెప్పలేదు. అప్పటికి అమ్మ అన్నయ్యకి సున్నిపిండితో ఒళ్ళు రుద్ది నీళ్ళు పోసింది. వాడు రెండుసార్లు అన్నం వడ్డించుకు తిని, చాప మీద పడి నిద్రపోయాడు.

నాన్న వాడితో చాలాకాలం ముక్తసరిగానే మాట్లాడారు. వీధిలో ఎవరైనా అడిగితే షెడ్డులో ఉన్నాడని చెప్పి నడక పెంచేవారు. కొత్త భయాలు వచ్చాయి. మరిగే నీళ్ళు, కదిలే చక్రాలు, నిప్పు. అమ్మ షెడ్డు సైరన్ విని దండం పెట్టుకునేది. కానీ అన్నయ్య తింటున్నాడు, పడుకుంటున్నాడు. కొన్నాళ్ళకి మసిబారిన ముఖంతోనే ఎవరినో వెక్కిరిస్తూ నవ్వడం కూడా విన్నాను.

ఫుట్‌బాల్ మళ్ళీ ఎప్పుడూ ఆడలేదు. షెడ్డువాళ్ళు సరదాకి పిలిచినా పోలేదు. ఆ బూట్లు అమ్మ ఎవరికో ఇచ్చేసింది.

మూడేళ్ళ తర్వాత వాణ్ణి ఇంజను మీద రెండో ఫైర్‌మన్‌గా పంపడం మొదలుపెట్టారు. బొగ్గు విరిచి పొయ్యికి అందించే పని. ఒక పొద్దున్న నాన్న డ్యూటీ దిగి వచ్చి, టోపీ తీసి, మామూలుగా కాళ్ళు కడుక్కోకుండా పీట మీద కూర్చున్నారు. అమ్మ మజ్జిగ తెచ్చింది.

"వాల్తేరు లైన్లో వచ్చిన గూడ్సు నాదే," అన్నారు. "ముందు ఇంజను మీద మనవాడు. బయల్దేరేదాకా నాకు తెలీదు."

అంటే బండి చివర బ్రేక్ వ్యాన్‌లో తండ్రి, బండి మొదట నిప్పు దగ్గర కొడుకు, మధ్యలో అన్ని పెట్టెలు. అమ్మ చేతిలో గ్లాసు అలాగే పట్టుకుని నిలబడింది. ఎలా చేశాడని అడిగింది.

"ఎత్తు ఎక్కేటప్పుడు కూడా ఆవిరి తగ్గనివ్వలేదు వాళ్ళు," అన్నారు నాన్న. "పై ఫైర్‌మన్ చెప్పాడు, కుర్రాడు పని తెలిసినవాడని."

"మరి మీకు భయం ఎయ్యలేదా?"

నాన్న గ్లాసు అందుకున్నారు.

"ఎందుకెయ్యదు. దారి పొడుగూ ఏసింది," అన్నారు. మజ్జిగ తాగి, అన్నయ్య ఇంకా రాలేదేమని వీధి గుమ్మంలోకి వెళ్ళి నిలబడ్డారు.