టీచరమ్మ నేర్చుకున్న భాష

మొన్న, డిసెంబరు రెండు, మంగళవారం. పొద్దున తలుపు తీసేసరికి ఎదురింటి టీచరమ్మ కుక్క మా మెట్ల మీద కూర్చుని ఉంది. ఆమెను జమ్మలమడుగు ఆస్పత్రిలో చేర్చినప్పటి నుంచి, మూడు రోజులుగా అది తాళం వేసిన ఆమె గేటు ముందు నుంచి కదల్లేదు. ఇప్పుడు రోడ్డు దాటి ఎందుకొచ్చిందా అనుకుంటుండగానే పక్క షెడ్డులో పనిచేసే వెల్డింగ్ మామ ఫోను పట్టుకుని వచ్చాడు. "పాపా, టీచరమ్మ తెల్లారుజామున పోయిందంట," అన్నాడు. ఆ తర్వాత ఇద్దరం కుక్కనే చూస్తూ నిలబడ్డాం.

ఆమె ముప్పై ఏళ్లు తెలుగు పాఠాలు చెప్పి, రిటైరయ్యాక ప్రొద్దుటూరులో మా వీధికి వచ్చింది. నేను ఏనాడూ ఆమె తరగతిలో కూర్చోలేదు. కానీ నేను ఇష్టపడే మాటల్లో చాలా వరకు ఆమె వసారాలో విన్నవే. రోజూ దినపత్రికను ఎర్ర పెన్నుతో దిద్దేది. దిద్దిన పేపర్లు చివరికి బజ్జీల బండికి చేరేవి. మా వీధిలో బజ్జీ తిన్నవాళ్లందరికీ ఆమె ఎర్ర సున్నాలు తెలుసు.

పోయిన వేసవిలో ఆమె కుక్క రాజు చనిపోయింది. పద్నాలుగేళ్లు ఆమె వెనకే తిరిగిన కుక్క. తర్వాత చాలా రోజులు ఆమె భోంచేస్తూ ఆఖరి సంగటి ముద్దను పళ్లెం అంచున తీసి పెట్టడం, పెట్టాక గుర్తొచ్చి ఆగిపోవడం నేను చూశాను. "మనసు ఒప్పుకున్యాది పాపా. చెయ్యే ఇంకా ఒప్పుకోలే," అనేది.

ఒక ఆదివారం ముద్దనూరులో చుట్టాలను చూసి వస్తూ, కలమల్ల దగ్గర టీకి దిగింది. పవర్ ప్లాంటు క్వార్టర్స్ వైపు చూస్తూ, పక్కటెముకలు తేలిన కుక్క ఒకటి ఉందట. టీకొట్టాయన చెప్పాడట: "క్వార్టర్సోళ్లదమ్మా. ట్రాన్స్‌ఫరై పోతా ఈడ్నే ఇడ్సిపెట్టిపోయినారు. ఏ బండి ఆగినా లేసి సూస్తాది." ఆమె ఆటో మాట్లాడుకుని దాన్ని ఇంటికి తెచ్చింది.

తెచ్చిందే గానీ అది ఎవరి మాటా వినదు. రా అంటే రాదు, కూర్చో అంటే కూర్చోదు. పొరపాటున "రాజూ" అని నోరు జారినా తల తిప్పదు. వీధి వీధంతా చెవిటి కుక్క అని తేల్చింది. పశువుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్దామని కూడా అనుకున్నాం. పదో రోజు సాయంత్రం వెల్డింగ్ మామ, నిప్పురవ్వల దగ్గరికి పోతున్న మనవరాలిని "బైఠ్ జా!" అని గట్టిగా అరిచాడు. ఇవతల గేటు దగ్గర నిలబడిన కుక్క ఠక్కున కూర్చుంది.

మేమంతా పడీపడీ నవ్వాం. టీచరమ్మ మాత్రం నవ్వలేదు. వసారా మెట్టు మీద కూర్చుని దాని తల మీద చెయ్యి వేసింది. "ఇది చెవుడు కాదు పాపా. దీన్ని పెంచినోళ్లది హిందీ. మనమే దానికి తెలీని భాషలో పాఠం చెప్తాండాము," అంది. దాన్ని నిమురుతూ, "నా క్లాసులో శానామంది ఉండ్రి. ఇంట్లో ఒక మాట, బళ్లో ఒక మాట. నోరు తెరవకపోతే మొద్దులనుకుంటి," అంది. ఆ మాట అనడం ఆమెకు ఎంత కష్టమైందో ఆమె గొంతులో వినబడింది.

మర్నాడు నోటుబుక్కు కొనుక్కుని షెడ్డుకు పోయింది. కువైట్‌లో పన్నెండేళ్లు ఉండి వచ్చిన మామ, అరవై ఎనిమిదేళ్ల శిష్యురాలికి హిందీ చెప్పాడు. ఆమెకు ఎవరినీ ఏకవచనంలో పిలిచే అలవాటు లేదు. "ఆయియే, బైఠియే" అని, రండి కూర్చోండి అన్నట్టు కుక్కను బతిమాలేది.

"టీచరమ్మా, అది కలెక్టరు కాదు. అంత మర్యాద చేస్తే మా మాట యాడ వింటాది?" అని మామ ఎగతాళి.

"నా కుక్క, నా ఇష్టంప్పా. మీరు మాట చెప్పండి సాలు," అని ఆమె.

కొత్త కుక్కకు రాజు పేరే పెట్టమని నేను అడిగితే, "రాజు బెంచీ రాజుదే. ఇది ఇంకో బెంచీ," అంది. పేరు కూడా పెట్టలేదు. దానికో పేరు ముందే ఉండి ఉంటుందనీ, మనకు తెలియనంత మాత్రాన చెరిపేయకూడదనీ ఆమె పట్టుదల.

భూస్థాపన నిన్న సాయంత్రం అయింది. పులివెందుల నుంచి వచ్చిన ఆమె తమ్ముడు ఇంటికి తాళం వేస్తూ కుక్కను చూశాడు. "మా ఇంట్లో కుదరదు పాపా. పోతా పోతా కలమల్ల కాడ దింపేస్తా. తెచ్చింది ఆన్నుంచే గదా," అన్నాడు. ఆయన చెడ్డవాడు కాదు, రెండు రోజులుగా నిద్ర లేని మనిషి. కానీ ఆ టీకొట్టు ముందు అది మళ్లీ ప్రతి బండికీ లేచి నిలబడటం నా కళ్లకు కట్టింది.

"వద్దులేండి. మేం పెట్టుకుంటాం," అనేశాను.

ఇంట్లో అమ్మ ఊరుకుంటుందా? "ఎవర్నడిగి మాటిచ్చినావు? నేను ఇల్లు తుడిచి సస్తాంటే దానికి తోడు కుక్క ఒకటా? వారం సూస్తా. ఒక్క వెంట్రుక కనబడినా నువ్వూ అదీ ఇద్దరూ బయటికే."

ఈ సాయంత్రం అమ్మ వరండాలో శెనిక్కాయలు ఒలుస్తోంది. కుక్క మెల్లగా వచ్చి చాట అంచు మీద గడ్డం ఆనించింది. అమ్మ దాని వైపు చూడలేదు. చాటను కాస్త తన వైపు జరుపుకుంది, కుక్కను జరపలేదు. అది ఆమె మోకాలి పక్కనే ఒరిగి పడుకుంది. ఆమె చీర కుచ్చెళ్ల నిండా తెల్ల వెంట్రుకలు.

రేపు పొద్దున అమ్మ కంటే ముందే లేచి వరండా ఊడ్చేయాలి.